రెండొందల రియాళ్ళ ముద్ర

ఆరేళ్ళుగా నా ఇఖామా వెనక, అంటే ఇక్కడి నివాస అనుమతి కార్డు వెనక, ఒక టికెట్టును మోస్తున్నాను. అరచేతిలో సగం కూడా ఉండదు. దాని బరువు మాత్రం నాకే తెలుసు. ఖోబార్ నుంచి రియాద్ పోయే రోడ్డు మీద ఇనుప చువ్వల లారీలు వెళుతుంటాయి చూడండి, అలాంటివి పద్దెనిమిది ఒకదాని మీద ఒకటి పేర్చి నా చొక్కా జేబులో పెట్టినట్టుంటుంది. నడుస్తుంటే ఎడమవైపుకి ఒరిగిపోతాను. మా ఆవిడ అది వయసు అనుకుంటోంది. రోడ్డు మీద పోలీసు ఇఖామా చూపించమంటే, కార్డు తీసేటప్పుడు వెనకున్న టికెట్టును దాచడానికి ఎంత తంటాలు పడతానంటే, గడువు ఇంకా ఉందిగా ఎందుకా భయమని పోలీసే నన్ను ఓదార్చిన రోజులున్నాయి.

చూశారా? మొదలుపెట్టి నిమిషం కాలేదు, అప్పుడే పెంచేశాను. పద్దెనిమిది లారీలట. నా జబ్బే అది. గంపలో ఉన్నది పరక చేపే కావచ్చు, నా నోట్లోంచి బయటికొచ్చేసరికి సొరచేప అవుతుంది. అందుకని ముందే ఒక విన్నపం. ఇందులో నేను చెప్పే ప్రతి అంకెనీ దయచేసి పదితో భాగించుకోండి. ఒక్క అంకెను మాత్రం భాగించవద్దు. అదెక్కడ వస్తుందో నేనే చెబుతాను.

నా పేరు చెప్పను. భీమవరం వైపు వాణ్ణి. యాభై రెండేళ్ళు. ఈ ఒక్కటీ భాగించకపోయినా ఫరవాలేదు, ఇందులో అబద్ధం చెప్పినా నా బట్టతల ఊరుకోదు. ఖోబార్‌లో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో కాగితాల మీద ముద్రలు వేస్తాను. ముద్రను ఇక్కడ ఖతమ్ అంటారు. ఖతమ్ లేని కాగితానికి ఈ దేశంలో తల్లీ తండ్రీ లేనట్టే. ఖతమ్ పడిందా, చాకలి చీటీ అయినా సరే, రాజపత్రంలా రెండు చేతులతో అందుకుంటారు. ఇరవై ఏళ్ళుగా ఆ పని చేస్తున్నాను, ఆ సంగతి నాకంటే బాగా ఎరిగినవాడు లేడు. నా నేరం కూడా అక్కడే మొలిచింది.

మధ్యాహ్నం భోజనం అయ్యాక, ఏసీ చప్పుడుకి రెప్పలు వాలుతున్నప్పుడు, నాకు ఇప్పటికీ మా కాలేజీ ఆటల హాలు కనిపిస్తుంది. నిద్ర కాదు. మెలకువ అసలే కాదు. కార్నిష్ వైపు, అంటే ఒడ్డు రోడ్డు వైపు నుంచి సముద్రపు తేమ పొగలా లోపలికి వస్తుంది. చెక్క నేల నీళ్ళలా మెరుస్తుంది. ఒకమ్మాయి చేతిలోంచి బాస్కెట్‌బాల్ పైకి లేస్తుంది. లేస్తూనే ఉంటుంది. దిగదు. గ్యాలరీలో అందరూ తలలెత్తి చూస్తుంటారు, వాళ్ళ ముఖాలు కరిగిపోతుంటాయి. ఐదో వరసలో చివరి కుర్చీ ఒక్కటే కరగదు. ఖాళీగా ఉంటుంది. పై కిటికీలోంచి జారిన వెలుగు ఆ కుర్చీలో కూర్చుని నావైపు చూస్తుంటుంది. ఎవరిదీ కుర్చీ అని వెలుగు అడిగితే నేనేం చెప్పాలి?

మీకు చెబుతాను. మీరు వెలుగు కంటే నయం. మీకు నా ముఖం తెలియదు.

ఆరేళ్ళ కిందట మా కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు మొట్టమొదటిసారి సెమీఫైనల్‌కి వచ్చింది. గ్యాలరీలో ఏడువేల కుర్చీలు. అదే, ఏడువందలు. టికెట్టు ఊరికే. మా ముదీర్, అంటే మా ఆఫీసు పెద్ద, ఒక కట్ట నా చేతిలో పెట్టి మీ తెలుగు కుటుంబాలన్నిటికీ పంచమన్నాడు. పంచాను. తప్పకుండా వస్తామన్నారు అందరూ. వచ్చింది ముగ్గురు. అందులో ఒకాయన ఇంట్లో ఏసీ పాడై వచ్చాడు. మిగతా టికెట్లు ఏమయ్యాయో తర్వాత తెలిసింది. ఒకరింట్లో బల్ల కాలు కింద ఒత్తుగా పెట్టారు. ఇంకొకరింట్లో దాని మీద పాలవాడి నంబరు రాశారు. మా మిత్రుడు చంద్రన్న ఉన్నాడు, కరీంనగర్ ఇంజనీరు, ఉప్పు తిన్నా కారం తిన్నా నిజం చెప్పే మనిషి. ఆయన మొహం మీదే చెప్పేశాడు.

"ఊకె ఇచ్చే ఆటల ఏముంటదన్నా? మంచిగుంటే పైసల్ తీస్కోరా?"

ఆ మాట నా బుర్రలో గూడు కట్టుకుంది. అమ్మాయిలు గెలిచారు, ఖాళీ కుర్చీల ముందు గెలిచారు. చివరి గంట మోగాక వాళ్ళు గ్యాలరీవైపు చేతులూపారు, అక్కడ ఊపడానికి ఎదుటి చేయి లేదు. అది చూసి ముదీర్ నన్ను పిలిచి, ఫైనల్‌కి హాలు నిండకపోతే నీ కుర్చీ కూడా ఖాళీ అవుతుందన్నట్టు మాట్లాడాడు.

ఫైనల్ కట్ట వచ్చింది. సాయంత్రం అసర్ నమాజుకి ఆఫీసు ఖాళీ అయిన వేళ, నా దగ్గరున్న అంకెల ముద్ర తీశాను. ఫీజు రసీదుల మీద కొట్టేది. తిప్పి తిప్పి రెండు, సున్నా, సున్నా దగ్గర ఆపాను. పక్కన రియాల్ అన్న ముద్ర. కొట్టాను. ఊదారంగు సిరా కాగితంలోకి ఇంకుతుంటే చూడడానికి ఎంత బాగుందో! మరొకటి కొట్టాను. కట్ట అయ్యేదాకా కొట్టాను. రెండు వందల రియాళ్ళు. ఇదిగో, భాగించవద్దన్న అంకె ఇదే. భాగించి లాభం లేదు. దాని అసలు విలువ సున్నా.

తర్వాత జరిగింది మీరు నమ్మరు. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు, అంతవరకు నేను శుద్ధుణ్ణి. "రెండొందల టికెట్టు, మీ కోసం ఎలాగో సంపాదించాను, బయటికి చెప్పకండి" అని చెవిలో ఊదేవాణ్ణి. అంతే. బల్ల కాలు కింద పెట్టినవాళ్ళు ఈసారి ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టుకున్నారు. ఫోటో తీసి ఊరికి పంపినవాళ్ళున్నారు. ఇక్కడ మనవాళ్ళకి ఏ ధర చూసినా ముందు ఊరి లెక్కలోకి మార్చుకునే అలవాటుంది కదా. చంద్రన్న ఇరవైతో గుణించి, "నాలుగు వేలా! ఒక్క ఆటకా! గిది చూడకుంటే పాపం తల్గుతదన్నా" అని ఇంకో రెండు అడిగాడు. ఆటలో ఎంతమంది ఆడతారో తెలియని ఆడవాళ్ళు పట్టుచీరలు ఇస్త్రీకి ఇచ్చారు. నేను గాలిలో నడిచాను. ధర అనే దెయ్యాన్ని సీసాలోంచి వదిలి, దాని చేత కుర్చీలు నింపిస్తున్న మాంత్రికుణ్ణి నేను. ఆ దెయ్యం ఎవర్ని మింగుతుందో చూసుకున్నానా? లేదు. మాంత్రికుడు పొగనే చూస్తాడు.

ఆ జట్టులో ఒక తెలుగమ్మాయి ఉంది. కెజియా అనుకుందాం. వాళ్ళమ్మ సలోమి సిస్టర్, గుంటూరు వైపు మనిషి, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. ఆవిడా నర్సింగ్ హాస్టల్లో ఉన్నప్పుడు బాస్కెట్‌బాల్ ఆడిందట. అజీజియాలో వాళ్ళ క్వార్టర్ల వెనక గోడకి ఒక పాత ఇనుప వలయం బిగించి, డ్యూటీ నుంచి వచ్చి తెల్ల యూనిఫాం మార్చకుండానే కూతురికి బంతి వేయడం నేర్పేది. కానీ కూతురు నిజం ఆటలో, నిజం హాలులో ఆడగా ఆవిడ ఒక్కసారీ చూడలేదు. ప్రతిసారీ డ్యూటీ. ఫైనల్‌కి మాత్రం ఒక నెల ముందే సెలవు పెట్టుకుంది.

ఆడే పిల్లలకి ఇంటివాళ్ళ కోసం తలా ఒక టికెట్టు. అవీ నా కట్టలోంచే ఇచ్చాను. అవీ నా ముద్ర పడినవే. కెజియా దాన్ని తీసుకెళ్ళి అమ్మకి ఇచ్చి, ఊరికే ఇచ్చారమ్మా అంది. అమ్మ ఊదారంగు అంకె చూసింది. అది బయటివాళ్ళకి, మాకు ఊరికే అంది పిల్ల. నిజమే చెప్పింది. కానీ ఆ పిల్ల బూట్లు అడుగున చిరిగి, కొత్తవాటికని నెలనెలా కాస్త దాచుకుంటోందని సలోమి సిస్టర్‌కి తెలుసు. ఆవిడ మనసులో ఒక ముల్లు పడింది. నేను ఆట చూడడానికి పిల్ల బూట్ల డబ్బు పెట్టేసిందా?

ఈ ముల్లు సంగతి ఆ రోజుకి నాకు తెలియదు. తెలిస్తే ఏం చేసేవాణ్ణి? అడుగుతూనే ఉంటాను. జవాబు ఒక్కోరోజు ఒక్కోలా వస్తుంది. అన్నీ నాకు అనుకూలంగానే వస్తాయి.

గురువారం సాయంత్రం అజీజియాలో మా బకాలాకి వెళ్ళాను. బకాలా అంటే వీధి చివర కిరాణా కొట్టు, కరివేపాకు నుంచి కాశీ వరకు అన్నీ దొరుకుతాయి. చంద్రన్న, ఇంకా మనవాళ్ళు నలుగురు ఉన్నారు. నలభైమంది అనబోయి ఆగాను చూడండి. చంద్రన్న తన టికెట్టు పర్సులోంచి తీసి అందరికీ చూపిస్తున్నాడు, అత్తరు రాసినంత జాగ్రత్తగా. జనం చుట్టూ చేరితే నా నాలుక నా మాట వినదు. "ఇంకెక్కడి టికెట్లండీ! ఒక్కటి కూడా ఊరికే ఇవ్వట్లేదు. ముదీర్ కూడా కొనుక్కున్నాడు. అంతెందుకు, ఆడే పిల్లల తల్లులే జేబులోంచి తీసి కొనుక్కుంటున్నారు" అన్నాను.

బియ్యం బస్తాల వెనక నుంచి సలోమి సిస్టర్ వచ్చింది. చేతిలో కరివేపాకు కట్ట.

"అన్నయ్యా, మా పిల్ల ఊరికే ఇచ్చారందే?"

నవ్వాలని చూశాను. నా పళ్ళు బయటికి రాలేదు.

"నిజం చెప్పండన్నయ్యా. ఊరికేనా, కొన్నదా?"

నలుగురూ నావైపు చూస్తున్నారు. చంద్రన్న పర్సు ఇంకా తెరిచే ఉంది. ఒక్క మాట. ఊరికేనమ్మా, ముద్ర నేనే వేశాను, తమాషాకి. పగలబడి నవ్వేవాళ్ళు. నన్ను ఒక నెలపాటు ఏడిపించేవాళ్ళు. అంతకు మించి ఏమయ్యేది? ఏమీ కాదు. కానీ ఆ క్షణాన, రేపు హాలు ఖాళీ అవుతుంది, ముదీర్ నన్ను ఇంటికి పంపుతాడు అని నాకు నేను చెప్పుకున్నాను. అదీ పెంచడమే. అసలు కారణం చిన్నది, సిగ్గుచేటైనంత చిన్నది. నా మాట అబద్ధమని నలుగురి ముందు తేలడం నాకు ఇష్టం లేకపోయింది.

"పిల్లలు అలాగే అంటారు సిస్టర్" అన్నాను. "అమ్మ బాధపడుతుందని."

ఆవిడ తల ఊపింది. బ్యాగులోంచి టికెట్టు తీసింది. మడత పడకుండా దాన్ని ప్రార్థన పుస్తకంలో దాచి తెచ్చుకుంది.

"ఇది వాపసు తీసుకోండన్నయ్యా. ఆ డబ్బు పిల్ల బూట్లది."

"అయ్యో, ఉంచుకోండి సిస్టర్. వచ్చి చూడండి. మీ అమ్మాయి ఆట..."

"అది చిరిగిన బూట్లతో పరిగెడుతుంటే నేను దాని డబ్బు మీద కూర్చుని చూడనా? నా వల్ల కాదు. సెలవు మార్చుకుంటాలే, రేపు డ్యూటీకి మనిషి తక్కువే."

"తీస్కో అన్నా వాపస్, పుణ్యముంటది" అన్నాడు చంద్రన్న. "గిసుంటి టికెట్టుకు మస్తు మంది ఎదురుజూస్తున్నరు."

నేను పర్సు తీశాను. నా సొంత పర్సు. రెండు వంద నోట్లు ఆవిడ చేతిలో పెట్టాను. ఊరికే ఇచ్చిన టికెట్టుకి వాపసు ఇచ్చిన మనిషి భూమ్మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. దేవుడు మీకు మేలు చేయాలన్నయ్యా అని ఆవిడ వెళ్ళిపోయింది. కరివేపాకు వాసన కాసేపు అక్కడే ఉంది. చంద్రన్న నా వీపు తట్టి, "దిల్‌దార్ మనిషివన్నా నువ్వు" అన్నాడు. తక్కినవాళ్ళు కూడా అవునన్నారు. నేను ఆ పొగడ్తను కాదనలేదు. రాసుకోండి, ఇది కూడా.

శుక్రవారం మధ్యాహ్నం హాలు కిటకిటలాడింది. పట్టుచీరలు, అత్తర్లు, ఇస్త్రీ మడతలు. మనవాళ్ళంతా నాలుగువేల రూపాయల ఆట చూస్తున్న ముఖాలతో కూర్చున్నారు. బంతి నేలను తాకిన ప్రతిసారీ దాని ధర తెలిసినట్టు చప్పట్లు కొట్టారు. ఆటకి ముందు కెజియా తలుపు దగ్గర నా పక్కకి వచ్చింది. కాళ్ళకి కొత్త బూట్లు, తెల్లగా, నా రెండు నోట్లతో కొన్నవి. ఐదో వరస చివర, వాళ్ళమ్మ టికెట్టు నంబరున్న ఖాళీ కుర్చీ వైపు చూసింది. తర్వాత నావైపు.

"అంకుల్, అది ఊరికే ఇచ్చిందే కదా? మా అమ్మ దాన్ని మీకు అమ్మిందా?"

అప్పుడు అర్థమైంది నాకు. నేను రెండో మనిషిని కూడా అబద్ధాలకోరుని చేశానని. తల్లి దృష్టిలో కూతురు టికెట్టు కొని, ఊరికే అని బొంకింది. కూతురి దృష్టిలో తల్లి, ఊరికే వచ్చిన టికెట్టును రెండొందలకి అమ్ముకుని డ్యూటీకి పోయింది. ఇద్దరూ నిజమే చెప్పారు. ఆ రెండు నిజాల మధ్య నా ముద్ర ఉంది. టికెట్టు నా జేబులోనే ఉంది. మాట నాలుక చివరే ఉంది. ఈల మోగింది. నేను మైదానం వైపు చేయి చూపించాను, వెళ్ళమ్మా అన్నట్టు. పిల్ల వెళ్ళింది.

ఎలా ఆడిందో చెప్పమంటారా? పెంచకుండా చెప్పడం నా చేత కాదు. గాలి ఆమెకి దారి ఇచ్చింది. బంతి ఆమె చేతికి తిరిగి రావడం కోసమే కింద పడేది. హాలు మొత్తం నీళ్ళలో తేలుతున్నట్టు, శబ్దాలన్నీ ఎక్కడో దూరాన మోగుతున్నట్టు అనిపించింది నాకు. గెలిచారు. మొదటి సగంలో నాలుగుసార్లు ఆ కుర్చీ వైపు చూసింది. రెండో సగంలో ఒక్కసారీ చూడలేదు. నేను లెక్కపెట్టాను. ఈ రెండు అంకెలూ అసలువే.

రెండు నెలలకి తల తిరుగుతోందని ఆసుపత్రికి వెళ్ళాను. బీపీ చూసింది సలోమి సిస్టర్. పట్టీ నా చేతికి చుట్టి గాలి కొడుతూ, మామూలుగా, ఎండ సంగతి చెబుతున్నట్టు చెప్పింది. "అబద్ధం ఆడిందీ అదే, పైగా నేనే టికెట్టు అమ్ముకున్నానని అలిగిందీ అదే. ఎంత చెప్పినా వినదు. తర్వాత ఒక్క ఆటకీ టికెట్టు తేలేదన్నయ్యా. నేనూ అడగలేదు." గోడ దగ్గర ఇనుప వలయం ఇంకా ఉందా అని అడిగాను, ఏదో ఒకటి అడగాలి కదా. తుప్పు పట్టిందని తీయించేశామంది. తర్వాత అంకె చూసి కళ్ళజోడు సర్దుకుంది. "చాలా ఎక్కువుంది. ఉప్పు తగ్గించండి."

తగ్గించాను. ఆరేళ్ళుగా చప్పిడి తింటున్నాను. ఇంకేమీ చేయలేదు.

ఎందుకు చెప్పలేదు? మొదట సిగ్గు. తర్వాత ఆలస్యమైపోయిందన్న సాకు. ఆ తర్వాత, ఇంత చిన్న విషయాన్ని ఇన్నాళ్ళకి తవ్వితే నవ్వుతారన్న భయం. నవ్వించడమే పనిగా పెట్టుకున్నవాడికి నవ్వంటే భయం ఏమిటో! జీవితమంతా చిన్నవాటిని పెద్దవి చేశాను. ఈ ఒక్కదాన్నే చిన్నది చేసి, చేసి, కార్డు వెనక పట్టేంత చేశాను. అది మాత్రం అక్కడ ఒదగలేదు.

కెజియా ఇప్పుడు రియాద్‌లో, మలాజ్ దగ్గర ఉద్యోగం చేస్తోంది. ఆడడం మానేసిందని విన్నాను. దానికి కారణం నేనే అనుకుంటే అదీ పెంచడమే అవుతుందేమో. నాకు తెలియదు. సలోమి సిస్టర్ ఈ నెలాఖరున ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే ఇక తిరిగి రాకుండా, ఊరికి వెళ్ళిపోతోంది. వచ్చే శుక్రవారం వీడ్కోలు. కూతురు కూడా వస్తుందట. చంద్రన్న నిన్న ఫోన్ చేశాడు. "నువ్వే మాట్లాడాలన్నా. అందరూ ఏడుస్తరు, జర నవ్వియ్యి." సరేనన్నాను.

ఉపన్యాసం రాద్దామని కూర్చున్నాను. రాసింది ఇది. చివర నాలుగు వాక్యాలు వచ్చాయి. నా జన్మలో ఏ అలంకారం లేకుండా రాసినవి ఇవే. టికెట్టు ఊరికే. కెజియా కొనలేదు. సలోమి అమ్ముకోలేదు. ముద్ర నాది.

శుక్రవారం ఇవి చదువుతానా? లేక మామూలుగా సొరచేపల కథ చెప్పి నవ్విస్తానా? మీకు మాట ఇవ్వను. నా మాట విలువెంతో మీరు చూశారు. వాళ్ళు నన్ను క్షమిస్తారని అనుకోవడం లేదు. క్షమించమని అడిగే ముఖం కూడా లేదు. ఒక తల్లి తన కూతురి ఆట చూడకుండా ఈ దేశం వదిలి వెళుతోంది. ఆ మధ్యాహ్నాన్ని ఏ ముద్రతో వెనక్కి తేగలను?

ఇప్పుడే టికెట్టు బయటికి తీసి బల్ల మీద పెట్టాను. ఊదారంగు వెలిసింది కానీ అంకె ఇంకా కనబడుతోంది. కార్డును జేబులో పెట్టుకుని లేచి నిలబడి చూశాను. తేలికైంది. ఎంత అంటారా? ఒక టికెట్టంత. అంతే.